చవక దేశంలో పద్నాలుగు రోజులు

మన యాత్రాసాహిత్యంలో ఈ మధ్య ఒక మాట బాగా చెలామణీ అవుతున్నది. అది "చవక దేశం" అనే మాట. ఫలానా దేశంలో కొండలున్నాయి, నదులున్నాయి, పాత కోటలున్నాయి అని చెప్పినట్టే, ఫలానా దేశం చవక అని కూడా రాస్తున్నారు. కొండలూ నదుల మాదిరే చవకతనం కూడా ఆ నేలకు పుట్టుకతో వచ్చిన లక్షణమన్నట్టు ఈ రాతలు సాగుతాయి. రాసేవారికి దురుద్దేశం ఉందని నేననను. ఐతే మాటల వెనక దృక్పథాలుంటాయి. వాటిని విప్పి చూపటం విమర్శ చెయ్యవలసిన పనుల్లో ఒకటి.

చవక అనేది వస్తువు గుణం కాదు. అది ఇద్దరు మనుషుల మధ్య సంబంధం. కొనేవాడి గంట కష్టానికీ అమ్మేవాడి గంట కష్టానికీ ఉన్న తేడాకు లోకం పెట్టిన ముద్దుపేరు. అర్థశాస్త్రం చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఐనా పుస్తకంలో చదివి తెలుసుకోవటం వేరు, వీపున సంచి వేసుకుని పద్నాలుగు రోజులు ఆ సంబంధంలో బతికి తెలుసుకోవటం వేరు. అందుచేత ఈ వ్యాసంలో నా సొంత అనుభవం కొంత చెప్పక తప్పదు.

2025 మే నెల, వేసవి సెలవులు. వియన్నాలో ఒక సాహిత్య సదస్సుకు పిలుపు వచ్చింది. రానూపోనూ విమానం ఖర్చు పిలిచినవారిది. వీసాలో ఇంకా కొన్ని రోజులు మిగిలాయి. నేను తెలుగు పాఠాలు చెప్పుకునే కాలేజీ లెక్చరర్ని. వియన్నాలో హోటలు గది అద్దె ఒక రాత్రికి నాకు వారం రోజుల జీతం. అందరూ చవక అంటున్న దేశం బల్గేరియా. అది 2007 జనవరి 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది. 2025 జనవరి 1 నుంచి షెంగెన్ ఏర్పాటులో కూడా పూర్తిగా చేరింది గనక నా వీసాయే అక్కడా చెల్లింది. రెండేళ్లుగా దాచుకున్న డబ్బు తీసి బయలుదేరాను. బుకారెస్టు దాకా బస్సు, అక్కణ్ణించి మరో బస్సులో డాన్యూబ్ నది దాటి రూసె పట్టణం చేరాను. నది మీది వంతెన 1954లో ప్రారంభించినది, పేరు స్నేహవారధి. రూసెలో 1905లో ఎలియాస్ కనెట్టి పుట్టాడు. 1981లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అక్కడ ఒక పూట తిరిగి, రైలెక్కి రాజధాని సోఫియాకు వచ్చాను.

ఇక లెక్కలు. అప్పటికింకా అక్కడి నాణెం లేవా. 2026 జనవరి 1 నుంచి ఆ దేశం యూరోకు మారింది, యూరోకు 1.95583 లేవాల చొప్పున మార్చారు. నేనున్న రోజుల్లో ఒక లేవా మన డబ్బులో సుమారు 49 రూపాయలు. ఎనిమిదిమంది పడుకునే గదిలో ఒక మంచానికి రాత్రికి 28 లేవాలు, తిండికి 25, రైళ్లకూ బస్సులకూ మ్యూజియం టిక్కెట్లకూ సగటున 17. రోజుకు 70 లేవాలు. పద్నాలుగు రోజులకు 980 లేవాలు, అంటే సుమారు 48,000 రూపాయలు.

తిండి విషయంలో తెలుగువాడికి ఏ ఇబ్బందీ లేదు. పొద్దున పూట బానిత్స అనే జున్ను పొరల రొట్టె, దాంతో ఒక గ్లాసుడు మజ్జిగ. మధ్యాహ్నం టరాటర్. అది మన దోసకాయ పెరుగు పచ్చడికి దగ్గర చుట్టం. నీళ్లు పోసి పలచన చేసి వెల్లుల్లి, సోయికూర, అక్రోటు పలుకులు వేస్తారు. పెరుగు వాళ్లకు జాతిగౌరవం. పాలు తోడుకునేట్టు చేసే సూక్ష్మజీవిని 1905లో కనుక్కున్న స్తామెన్ గ్రిగోరోవ్ బల్గేరియావాడే. ఇంకొక చుట్టరికం కూడా కనిపెట్టాను. వాళ్లు అవునంటానికి తల అడ్డంగా ఊపుతారు, కాదంటానికి పైకెత్తుతారు. పాశ్చాత్య యాత్రికులు దీనితో తికమక పడతారు. తల పక్కలకాడిస్తూ "సరే" అనే మనకు అది ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

హాస్టల్లో నా పక్క మంచం మీద నెదర్లాండ్స్ విద్యార్థి. చవకగా ఉందని రోజుకు పదిసార్లైనా అనేవాడు. అతని లెక్క అతనికి సరైనదే. 2025 తొలి ఆరునెలల్లో అతని దేశంలో పెద్దవాళ్లకు కనీస వేతనం గంటకు 14.06 యూరోలు. రోజుకు 70 లేవాలంటే అతను రెండున్నర గంటలు పనిచేస్తే వచ్చే కూలి. మరి బల్గేరియాలో? 2025లో చట్టం నిర్ణయించిన కనీస వేతనం నెలకు 1,077 లేవాలు. బీమా కోతలూ పది శాతం పన్నూ పోగా చేతికొచ్చేది సుమారు 835. అంటే నేను అతి పొదుపుగా పద్నాలుగు రోజుల్లో ఖర్చు పెట్టింది, మా గదిలో దుప్పట్లు మార్చే పనిమనిషి వంటివారు నెలంతా కష్టపడి ఇంటికి తీసుకుపోయే దానికన్నా ఎక్కువ. ఒకే మంచం, ఒకే రొట్టె. డచ్చి కుర్రవాడికి రెండున్నర గంటలు, ఆమెకు దాదాపు రెండు రోజుల పని, నాకూ అట్లాగే రెండు రోజుల జీతం. ముగ్గురిలో ఆ దేశం చవక అయింది ఒక్కడికే. ఐనా చవక అన్న మాట దేశం పేరుకు అంటుకుని, ఆ ఒక్కడి లెక్కే అందరి లెక్క ఐపోయింది.

ఇంతవరకు చెప్పిందే నిజమైతే వ్యాసం ఇక్కడితో ఆపవచ్చు. కాని తిరిగినకొద్దీ నాకు మరో సంగతి అర్థమైంది. చవక ఒకటి కాదు, రెండు. పైకి రెండూ ఒకేలా కనబడతాయి. పుట్టుక మాత్రం వేరు వేరు.

మొదటిది చూడండి. సోఫియా నడిబొడ్డున పాత స్నానశాల భవనం ఉన్నది. 1913లో తెరిచారు, ఇప్పుడు నగర చరిత్ర మ్యూజియంగా వాడుతున్నారు. దాని దగ్గర వరసగా కొళాయిలున్నాయి. భూగర్భపు వేడి ఊటల నీరు వాటిలోంచి వస్తూ ఉంటుంది. ముసలివాళ్లు చక్రాల సంచుల్లో పెద్ద పెద్ద సీసాలు తెచ్చి నింపుకుపోతారు. ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వరు. నేనూ రోజూ నా సీసా అక్కడే నింపుకున్నాను. ఈ నీళ్లు నాకు చవక కావటానికి ఎవరూ తక్కువ కూలికి పనిచెయ్యనక్కర్లేదు. ఊరి సొత్తును ఊరు అమ్ముకోలేదు, అంతే.

రెండో ఉదాహరణ రైలు. సెప్టెంవ్రి జంక్షన్ నుంచి దోబ్రినిష్టె దాకా 125 కిలోమీటర్ల చిన్న రైలుమార్గం ఉన్నది. పట్టాల మధ్య వెడల్పు 760 మిల్లీమీటర్లే. 1921లో మొదలైన నిర్మాణం 1945లో పూర్తయింది. దారిలో అవ్రామోవో స్టేషను 1,267 మీటర్ల ఎత్తున ఉన్నది. బాల్కన్ దేశాల్లో అంతకన్నా ఎత్తైన స్టేషను లేదు. ప్రయాణానికి ఐదు గంటలు పడుతుంది, టిక్కెట్టుకు భోజనం ఖర్చు కూడా కాదు. లాభం తెచ్చే మార్గం కాదది. ప్రభుత్వం నడుపుతున్నది గనక నడుస్తున్నది. ఆ లోయలో పల్లెల నుంచి ఆస్పత్రికీ సంతకూ పోయేవాళ్లు ఎక్కుతున్నారు గనక నాబోటి యాత్రికుడికి కూడా చోటు దొరికింది.

మూడో ఉదాహరణ మన గ్రంథాలయోద్యమం తెలిసినవారికి ఇష్టంగా ఉంటుంది. బల్గేరియాలో చితాలిష్టె అనే సంస్థలున్నాయి. ఆ మాటకు పఠనాలయం అని అర్థం. తొలి చితాలిష్టెలు 1856లో, తురుష్క సామ్రాజ్యం కింద ఉన్న కాలంలోనే, ప్రజలు చందాలు వేసుకుని పెట్టుకున్నారు. పుస్తకాలు, నాటకాలు, పాటలు అన్నీ అక్కడే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం ఏ అవసరంలోంచి పుట్టాయో ఇవీ అటువంటి అవసరంలోంచే పుట్టాయి. మే 24 అక్కడ అక్షరాల పండుగ, దేశానికంతటికీ సెలవు. ఆ రోజు నేను సోఫియాలో ఉన్నాను. జాతీయ గ్రంథాలయం ముందు సిరిల్, మెథోడియస్ విగ్రహాల దగ్గర బడిపిల్లలు పూలు పెట్టారు. తమ లిపి మీద అంత ప్రేమ చూసి తెలుగు లెక్చరరుకు కడుపు నిండింది. దానికి టిక్కెట్టు లేదు.

ఉమ్మడి సొత్తు వల్ల వచ్చిన చవక ఇది. ఇది ఎక్కడున్నా మెచ్చుకోవలసిందే. రెండో చవక కూలి తగ్గటం వల్ల వచ్చేది. దాన్ని నాకు ఎత్తి చూపింది ఆ చిన్న రైల్లోనే ఎదురు బల్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడ.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. పక్కన కూర్చున్న కాలేజీ కుర్రవాడు మా ఇద్దరికీ దుబాసీ. ఇటలీలో ఒక ముసలామెకు తొమ్మిదేళ్లుగా సేవ చేస్తున్నదట. వంట, స్నానం, మందులు అన్నీ ఆమే. సెలవు మీద సొంత ఊరు వస్తున్నది. సోఫియాలో మంచానికి ఎంత ఇచ్చావని అడిగింది. 28 లేవాలన్నాను. ఆమె మనసులో ఏదో లెక్క వేసుకుని ఇట్లా చెప్పింది: "మా అమ్మకు నెలకు 580 లేవాల పెన్షను. ఆ డబ్బుతో ఆ మంచం మీద ఇరవై రాత్రులు పడుకోవచ్చు. ఇరవయ్యొకటో రాత్రి లేచిపోవాలి." అని తనే నవ్వింది. ఆ తల్లిని ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారమ్మా అని అడిగాను. పక్కింటివాళ్లు, అన్నది. తర్వాత, మీ వైపు ముసలివాళ్లను ఎవరు చూసుకుంటారని ఆమె అడిగింది. మాది జగిత్యాల ప్రాంతం. దుబాయికీ మస్కట్‌కూ పోయిన కొడుకుల ఇళ్లలో ముసలివాళ్లే మిగిలిన వాడకట్టులు నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. అదే చెప్పాను. కుర్రవాడు తర్జుమా చేసేసరికి ఆమె తల అడ్డంగా ఊపింది. అవునన్నమాట.

ఈ రెండో చవక ఎక్కణ్ణించి వచ్చింది? ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1989 నవంబరు 10న జివ్కోవ్ పదవి పోయింది. ఆ తర్వాత ప్రభుత్వ పరిశ్రమలు మూతపడ్డవి మూతపడ్డాయి, చేతులు మారినవి మారాయి. ఉద్యోగాలు పోయినవాళ్లు ఇళ్ల నేలమాళిగల కిటికీల్లో దుకాణాలు పెట్టుకున్నారు. కొనేవాళ్లు పేవ్‌మెంటు మీద గొంతుక్కూర్చుని బేరం చెయ్యాలి. వాటిని క్లెక్ దుకాణాలంటారు, క్లెక్ అంటే గొంతుక్కూర్చోవటం. కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. యాత్రికులు ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటారు. 1996–97లో బ్యాంకులు కూలి, ధరలు మండి, జీవితమంతా దాచుకున్న డబ్బు చిత్తుకాగితాలైంది. 1988లో దాదాపు 90 లక్షలున్న జనాభా 2021 లెక్కల నాటికి 65 లక్షలకు దిగింది. పుట్టేవాళ్లు తగ్గటం ఒక కారణం, పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్లు మరో కారణం.

ఇది చెప్పి, అంతకు ముందు కాలమంతా బంగారమని నేను రాస్తే అదీ అబద్ధమే. 1933లో లైప్జిగ్ కోర్టులో నాజీలను ఎదిరించి నిలిచిన దిమిత్రోవ్‌ను మన అభ్యుదయవాదులు ఎంతగా అభిమానించారో తెలుసు. సోఫియాలో 1949లో కట్టిన ఆయన సమాధి మందిరాన్ని 1999లో పడగొట్టారు. కాని అదే వ్యవస్థ బెలెనె దీవిలో నిర్బంధ శిబిరం నడిపింది. 1984–85లో టర్కిష్ ప్రజల పేర్లు బలవంతంగా మార్పించింది. 1989 వేసవిలో మూడు లక్షల మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలి టర్కీకి తరలిపోయారు. కాగితాల మీద వాళ్లు సందర్శనకు పోతున్న యాత్రికులు. అందుకని ఆ వలసకు "పెద్ద విహారయాత్ర" అని పేరు పడింది. యాత్ర అనే మాట ఎన్ని నిజాలను కప్పగలదో చెప్పటానికి ఇంతకన్నా నిదర్శనం నాకు తెలియదు.

ఇంతా చెప్పి బాన్స్కో గురించి చెప్పకపోతే వ్యాసం పూర్తికాదు. పిరిన్ కొండల కింద ఉన్న ఆ ఊరు చలికాలంలో మంచు ఆటలకు ప్రసిద్ధి. ఊరు నిండా హోటళ్లు, అద్దె ఇళ్లు. చవకగా బతకవచ్చునని పడమటి దేశాల నుంచి వచ్చి, కంప్యూటరు ముందు పనిచేసుకుంటూ నెలల తరబడి ఉండిపోయేవారు కూడా ఉన్నారు. ఈ ఊళ్ళోనే 1909లో నికోలా వాప్త్సారోవ్ పుట్టాడు. యంత్రాల పని నేర్చి ఫ్యాక్టరీలో మెకానిక్ అయ్యాడు, రైల్వేలో బొగ్గు వేశాడు, కవిత్వం రాశాడు. బతికుండగా అచ్చయిన కవితా సంపుటి ఒక్కటే, "మోటారు పాటలు", 1940లో. ఫాసిస్టు వ్యతిరేక పోరాటంలో పట్టుబడి 1942 జూలై 23న తుపాకి గుండ్లకు బలయ్యాడు. అప్పటికి 32 ఏళ్లు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఇంజను నడిపేవాడి చెమట కవితావస్తువు అవుతుందని చెప్పిన కవి ఇంటి చుట్టుపక్కల, నేను వెళ్లిన సాయంకాలం, హోటలు గదులు శుభ్రం చేసే ఆడవాళ్లు పని దిగి బస్సు కోసం నిలబడి ఉన్నారు. ఆ రెండు దృశ్యాలకూ ఉన్న సంబంధం మ్యూజియం గోడల మీద రాసి లేదు. చూసేవాడు కలుపుకోవాలి.

మన యాత్రాసాహిత్యానికి ఆదిపురుషుడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830–31లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లివచ్చాడు. వెంట సుమారు నూరుగురు పరివారం. ఆయన పల్లకీ బోయీలు మోశారు. 1838లో అచ్చయిన "కాశీయాత్ర చరిత్ర"లో ఆ బోయీలు కనబడతారు. తను మనుషుల భుజాల మీద ప్రయాణిస్తున్నట్టు చదివేవాడికి తెలుస్తూనే ఉంటుంది. ఇవాళ మన సంచి మనమే మోసుకుంటున్నాం గనక ఎవరి భుజాల మీదా లేమనుకుంటాం. వీపున పది కిలోల బరువుంటే చాలు, ప్రజలతో కలిసి తిరుగుతున్నామన్న తృప్తి వస్తుంది. నిజానికి బోయీలు ఎక్కడికీ పోలేదు. పల్లకీ మాయమై, మోసే భుజాలు దుప్పట్లు ఉతికే గదిలోకీ వంటింట్లోకీ చేరాయి. పడక 28 లేవాలకే రావటం వెనక వాళ్ల జీతం ఉంది.

దీనికొక ఆక్షేపణ ఉన్నది, న్యాయమైనదే. యాత్రికులు రాకపోతే ఆ హోటళ్లు ఉండవు, ఆ ఆడవాళ్లకు ఆ పని కూడా ఉండదు కదా? నిజమే. ప్రయాణాలు మానుకోమని నేననటం లేదు. లెక్చరరు ఇంట్లో కూర్చుని నిట్టూరిస్తే బాన్స్కోలో ఎవరి జీతమూ పెరగదు. నా అభ్యంతరం కొనటం మీద కాదు, కొన్నదాన్ని వర్ణించే తీరు మీద. ఒక దేశంలో కూలిరేట్లు కాస్త పెరిగి, దాంతో ధరలు పెరగగానే ఈ యాత్రికులే "ఆ దేశం పాడైపోయింది" అంటారు. నిన్న పోర్చుగల్ చవక, ఇవాళ బల్గేరియా, రేపు అల్బేనియా అని దారి మళ్లిస్తారు. అక్కడ దుప్పట్లు ఉతికే ఆమెకు బాగుపడటంగా కనిపించేది వీళ్లకు పాడుకావటం. ఒక సాహిత్య శాఖ ఇటువంటి చూపును పెంచుతుంటే విమర్శకుడు మాట్లాడక ఎట్లా ఊరుకుంటాడు?

ఇదే చూపు మన మీద పడ్డప్పుడు మనకు బాగా తెలుస్తుంది. హంపీకో పుదుచ్చేరికో వచ్చిన విదేశీ యాత్రికుడు మన దేశం ఎంత చవకో పొగుడుతుంటే లోలోపల చిన్నబోతాం. అంతదూరం ఎందుకు? హైదరాబాదులో మధ్యతరగతివారి ఇల్లు ఆ ధరకు లేచిందంటే పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీల రేటు అంతంతమాత్రం కావటమే ఒక కారణం. సొంత ఊళ్ళో కూడా మనం రెండో రకం చవక మీద బతుకుతూనే ఉన్నాం. పాస్‌పోర్టు దాన్ని కాస్త కొట్టొచ్చినట్టు చూపిస్తుంది.

కాబట్టి యాత్రాకథ రాసేవారికి నా విన్నపం ఒక్కటే. ధరలు రాయండి, తప్పకుండా రాయండి. మన భాషలో తక్కువ జీతంవాడు కూడా లోకం చూడాలంటే ఆ వివరాలు కావాలి. ఐతే ధర రాసిన చోట దాని పక్కనే అక్కడి కూలి కూడా రాయండి. ఒక్క అంకె చాలు. తర్వాత ఆ చవక ఏ రకానిదో చెప్పండి. ఊట నీళ్లు, ఊరి రైలు, చందాలతో కట్టిన పఠనాలయం లాంటిదైతే అది ఆ ప్రజల సంపాదన. మన ఊళ్ళో అటువంటివి ఎందుకు పోతున్నాయో, ఎట్లా నిలుపుకోవాలో పాఠకుడు ఆలోచిస్తాడు. కూలి తగ్గి వచ్చినదైతే, అది ఎవరి నష్టమో పాఠకుడికి తెలియాలి. ఆ రైల్లో ఆవిడ వేసిన లెక్క పెద్దదేమీ కాదు, 580ని 28తో భాగించింది. ఆ మాత్రం భాగహారం మన యాత్రా రచయితలు కూడా చెయ్యగలరు.